పాత మజిల్ కారు ఛాసీని గట్టిపరచాలా, వద్దా? తరచుగా అడిగే ప్రశ్నలు

ఛాసీ గట్టిపరచడం అంటే అసలు ఏం చేస్తారు?

మజిల్ కార్లంటే 1960, 70లలో అమెరికాలో పెద్ద ఇంజన్లతో వచ్చిన వేగమైన కార్లు. ఛాసీ అంటే కారు బరువు మోసే అస్థిపంజరం. కారు నడుస్తున్నప్పుడు బాడీ రెండు రకాలుగా కదులుతుంది. ఒకటి, మధ్యలో కిందికి వంగడం. రెండోది మెలిక తిరగడం: ముందు ఎడమ చక్రం గుంతలో పడి, వెనక కుడి చక్రం గట్టు ఎక్కితే బాడీ మొత్తం మెలిపడుతుంది. మజిల్ కార్లలో ఎక్కువ బాధపెట్టేది ఈ రెండోదే. దాన్ని తగ్గించడానికి కింద అదనపు ఉక్కు గొట్టాలు కలుపుతారు, తెరిచి ఉన్న ఫ్రేమ్ పట్టాలను (పొడవునా పోయే ఉక్కు దూలాలను) మూసి పెట్టెలా చేస్తారు, ముందు భాగంలో అడ్డబద్దలు బిగిస్తారు. రేసు కార్లయితే లోపల రోల్ కేజ్ అనే ఉక్కు గొట్టాల పంజరం కడతారు. ఇవన్నీ ప్రతి కారుకూ అవసరం లేదు. కొన్ని కార్లకు ఏదీ అవసరం లేదు.

నా కారుకు విడిగా ఫ్రేమ్ ఉందో లేదో ఎలా తెలుస్తుంది? దానివల్ల తేడా ఏమిటి?

తేడా చాలా ఉంది. ఇది తెలుసుకోకుండా కిట్ ఆర్డర్ చేయకండి. 1960లలో డెట్రాయిట్ కంపెనీలు ఒక్కొక్కటి ఒక్కో దారిలో వెళ్లాయి.

ఫోర్డ్ మస్టాంగ్‌ది యూనిబాడీ, అంటే విడి ఫ్రేమ్ లేకుండా బాడీయే బరువు మోసే రకం. 1964 ఏప్రిల్‌లో వచ్చిన ఈ కారును ఫాల్కన్ అనే చవక ఫ్యామిలీ కారు భాగాల మీద కట్టారు. ముందు పట్టాలు వచ్చి ముందు సీట్ల కింద ఆగిపోతాయి. వెనక పట్టాలు వెనక సీటు దగ్గర మొదలవుతాయి. ఆ రెంటి మధ్య బరువు మోసేది ఫ్లోర్ రేకు, తలుపుల కింద ఉండే రాకర్ పెట్టెలు మాత్రమే.

1967 నుంచి 69 వరకు వచ్చిన షెవ్రొలే కమారో, దాని తోబుట్టువు పాంటియాక్ ఫైర్‌బర్డ్, 1968 తర్వాతి నోవా సగం సగం. వెనక అంతా యూనిబాడీ, ముందు మాత్రం ఇంజనునూ ముందు చక్రాలనూ మోసే విడి సబ్‌ఫ్రేమ్. ఆ సబ్‌ఫ్రేమ్‌ను రబ్బరు బుష్‌ల (మధ్యలో ఉండే మెత్తటి దిమ్మల) మీద బోల్టులతో బిగిస్తారు.

క్రైస్లర్ 1960 మోడల్ నుంచి ఇంపీరియల్ తప్ప తన కార్లన్నిటినీ యూనిబాడీ చేసేసింది. ఛార్జర్, రోడ్ రన్నర్, ఛాలెంజర్, డార్ట్ అన్నీ అదే కోవ. వీటిలో ఒక ప్రత్యేకత ఉంది. ముందు స్ప్రింగుల పని చేసే టార్షన్ బార్లు వెనక్కి పొడుగ్గా వచ్చి ఫ్లోర్ కింద ఒక అడ్డ దూలంలో దిగుతాయి. అంటే ముందు చక్రాల భారం కారు నడుముకే వచ్చి తగులుతుంది.

1964 నుంచి 72 వరకు వచ్చిన జనరల్ మోటార్స్ కార్లైన షెవెల్, జీటీఓ, 442, స్కైలార్క్‌లకు మాత్రం బంపర్ నుంచి బంపర్ దాకా పూర్తి ఫ్రేమ్ ఉంటుంది. బాడీ దానిమీద విడిగా కూర్చుంటుంది. ముందు పట్టాలను వెనక పట్టాలతో కలిపే సబ్‌ఫ్రేమ్ కనెక్టర్లు అనే మాటే వీటికి వర్తించదు.

ఇవి కొత్తలో బాగానే నడిచాయి కదా? ఇప్పుడెందుకు గట్టిపరచాలి?

న్యాయమైన ప్రశ్న. ఆ రోజుల్లో వీటికి వేసిన బయాస్ ప్లై టైర్లు (లోపలి దారాలు ఏటవాలుగా ఉండే పాత రకం) మూలమలుపులో తొందరగా జారిపోయేవి. టైరు జారితే బాడీ మీద పడే ఒత్తిడి అక్కడితో ఆగిపోతుంది. ఇప్పుడు మనం వెడల్పాటి రేడియల్ టైర్లు వేస్తున్నాం. అవి రోడ్డును వదలవు, కాబట్టి ఆ బలమంతా బాడీలోకి వెళ్తుంది. పైగా గట్టి స్ప్రింగులు, లావు స్వే బార్లు (మలుపులో కారు పక్కకు ఒరగకుండా ఆపే కడ్డీలు), అప్పటికన్నా బలమైన ఇంజన్లు. వీటికి తోడు యాభై అరవై ఏళ్ల తుప్పు, అలిసిపోయిన స్పాట్ వెల్డులు (రేకులను చుక్కచుక్కగా అతికించిన చోట్లు).

ఇంకోవైపు చూడండి. మీ కారులో అసలు ఇంజను, అసలు సైజు టైర్లు ఉండి, ఆదివారం ఉదయం కాఫీకి వెళ్లి రావడానికే తీస్తుంటే, ఆ కారును ఏ పనికి తయారుచేశారో ఆ పనే చేస్తోంది. దాన్ని కోయనవసరం లేదు.

ఇంజను బలానికి బాడీ నిజంగా మెలిపడుతుందా?

1970 షెవెల్‌లో వచ్చిన ఎల్ఎస్6 454 ఇంజను టార్క్ (తిప్పే బలం) 500 పౌండ్-అడుగులు. దానికి ఇచ్చిన ఎం22 గేర్‌బాక్స్ ఫస్ట్ గేర్ నిష్పత్తి 2.20. గుణిస్తే డ్రైవ్ షాఫ్ట్ (వెనక యాక్సిల్‌కు బలం చేర్చే కడ్డీ) దగ్గర 1,100 పౌండ్-అడుగులు, అంటే దాదాపు 1,490 న్యూటన్ మీటర్లు. టైర్లు జారకుండా పట్టుకుంటే ఇంజను మౌంట్లు ముందు భాగాన్ని ఒకవైపు, వెనక యాక్సిల్ వెనక భాగాన్ని ఇంకోవైపు ఇంత బలంతో తిప్పుతాయి. డ్రాగ్ స్ట్రిప్ (సూటిగా ఉండే రేసు దారి) మీద కారు లేచేటప్పుడు డ్రైవర్ వైపు, అంటే అమెరికా కార్లలో ఎడమవైపు, ముందు చక్రం ఎక్కువ ఎత్తుకు లేవడం ఇందుకే. పూర్తి ఫ్రేమ్ ఉన్న షెవెల్‌కే ఇంత పరీక్ష అయితే, రేకుల మీద ఆధారపడిన మస్టాంగ్‌లో పెద్ద ఇంజను దింపినవాళ్లు ఆలోచించుకోవాలి. యూనిబాడీ కార్లలో రూఫ్ వచ్చి క్వార్టర్ ప్యానెల్‌ను (తలుపు వెనక, వెనక చక్రం మీద ఉండే రేకును) కలిసే చోట పెయింటులో వెంట్రుకలాంటి పగుళ్లు కనిపిస్తే, రేకు కింద ఏం జరుగుతోందో అర్థం చేసుకోవచ్చు.

నా కారు ఒదులుగా అనిపిస్తోంది. ఛాసీ తప్పేనా?

చాలాసార్లు కాదు. ఈ ఒక్క విషయంలో జనం పెట్టే వృథా ఖర్చు చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

స్టీరింగ్ మధ్యలో ఖాళీగా తిరుగుతోందంటే ముందు స్టీరింగ్ బాక్స్, దాని జాయింట్లు చూడండి. కారు ఒక లైన్‌లో పోకుండా అటూ ఇటూ తిరుగుతోందంటే అలైన్‌మెంట్ చూడండి. పాత షాప్ మాన్యువల్‌లోని కాస్టర్ (ముందు చక్రం తిరిగే ఇరుసు ముందుకో వెనక్కో వాలే కోణం) అంకెలు బయాస్ ప్లై టైర్ల కోసం రాసినవి. రేడియల్స్‌కు ఇంకాస్త పాజిటివ్ కాస్టర్ కావాలి. గుంతలో పడినప్పుడు దడదడ వినిపిస్తే ఎండిపోయిన సస్పెన్షన్ బుష్‌లు, షాక్ అబ్జార్బర్లు, కమాను కట్టల షాకిల్స్ (వాటిని బాడీకి తగిలించే లింకులు) చూడండి.

తలుపు కిందికి జారి లాక్ పడటం లేదంటే బాడీ వంగిందని వెంటనే హడలిపోకండి. తలుపు సగం తెరిచి, వెనక అంచు పట్టుకుని చేత్తో పైకి ఎత్తండి. టకటక మని ఆడితే అరిగింది కీళ్ల పిన్నులు, బుష్‌లే. కొన్ని డాలర్ల పని అది. ఏ ఆటా లేకుండా గట్టిగా ఉండి, అయినా తలుపు కలవకపోతే అప్పుడు బాడీని అనుమానించాలి.

బాడీ మెలికకు సొంత గుర్తులు ఉన్నాయి. షాపింగ్ సెంటర్ ర్యాంపును వాలుగా ఎక్కినప్పుడు తలుపు చట్రాల దగ్గర కిర్రు మనడం, విండ్‌షీల్డ్ ఏ రాయీ తగలకుండానే మూల నుంచి పగలడం, స్వే బార్ మార్చినా కారు నడకలో తేడా తెలియకపోవడం. ఈ చివరిది ముఖ్యం. మీరు వేసిన గట్టి బార్ బాడీని మెలిపెట్టడంలోనే తన బలం పోగొట్టుకుంటోందన్నమాట.

ఇంట్లోనే కొలిచి చూసే మార్గం ఉందా?

ఉంది, ఖరీదైన పరికరాలేమీ అక్కర్లేదు. చదునైన కాంక్రీటు నేల మీద కారు నిలపండి. వెనక చక్రాలకు ముందూ వెనకా అడ్డు పెట్టండి. తలుపు మూసి, దాని వెనక అంచుకూ క్వార్టర్ ప్యానెల్‌కూ మధ్య సందును పైన ఒకచోట, కింద ఒకచోట కొలవండి. డ్రిల్ బిట్ల వెనక భాగం దీనికి మంచి కొలబద్ద. ఏ బిట్ సందులో సరిగ్గా ఇమిడిందో రాసుకోండి. కొలిచిన చోట మాస్కింగ్ టేప్ ముక్క అంటిస్తే మళ్లీ అక్కడే కొలవొచ్చు.

ఇప్పుడు ముందు చక్రం వెనక, ఫ్రేమ్ పట్టా కింద జాకీ పెట్టి ఆ చక్రం నేల వదిలేదాకా లేపండి. సేఫ్టీ స్టాండ్ పెట్టండి. మళ్లీ అవే రెండు చోట్ల కొలవండి. తలుపు తీసి వేసి చూడండి. తర్వాత రెండోవైపు ఇదంతా మళ్లీ చేయండి. ఏ దశలోనూ జాకీ మీద ఉన్న కారు కిందికి దూరకండి.

సందు అర మిల్లీమీటరు లోపే మారితే నేనైతే ఆ బాడీని కదిలించను. రెండు మిల్లీమీటర్లు మారినా, తలుపు పట్టేసినా పని ఉన్నట్టే. ఇవి ఏ మాన్యువల్‌లోనివీ కావు, నేను పెట్టుకున్న గీతలు. ఒక వైపు బాగుండి రెండోవైపు ఎక్కువ మారితే మాత్రం కనెక్టర్ల గురించి ఆలోచించడం ఆపి, ఆ వైపు తుప్పు వెతకండి. కొలతలు రాసిన కాగితం దాచండి. పని అయ్యాక ఇదే పరీక్ష చేస్తే డబ్బు పెట్టిన ఫలితం అంకెల్లో కనిపిస్తుంది.

తుప్పు ఉంటే ముందు ఏం చేయాలి?

తుప్పే ముందు. ఇందులో రాజీ లేదు. కొత్త ఉక్కు గొట్టాన్ని కుళ్లిన పట్టాకు అతికిస్తే వెల్డు పక్కనే చిరుగుతుంది.

మస్టాంగ్‌లో విండ్‌షీల్డ్ కింద గాలి కోసం ఇచ్చిన కౌల్ పెట్టె లోపల తుప్పు పట్టి, వాన నీళ్లు కార్పెట్ కిందికి కారుతాయి. అక్కడి నుంచి ఫ్లోర్, టార్క్ బాక్సులు (పట్టాలను రాకర్లతో కలిపే పెట్టెలు), రాకర్లు వరసగా పోతాయి. కార్పెట్ తీసి, కౌల్ మీద బకెట్ నీళ్లు పోసి చూస్తే కారుతోందో లేదో ఐదు నిమిషాల్లో తెలుస్తుంది. కమారోలో సబ్‌ఫ్రేమ్ వెనక కాళ్లు, బాడీ మౌంట్లు కూర్చునే చోట్లు చూడాలి. క్రైస్లర్ కార్లలో టార్షన్ బార్ దిగే దూలం, కమాను కట్టలు తగిలించే చోట్లు చూడాలి.

స్క్రూడ్రైవర్ మొనతో గట్టిగా పొడవండి. చిన్న సుత్తితో తట్టండి. ఉక్కు ఖంగున మోగుతుంది, కుళ్లిన రేకు మొద్దుబారిన చప్పుడు చేస్తుంది. రాకర్ మీద అయస్కాంతం నిలవకపోతే ఎవరో లప్పం రాసి పెయింట్ కొట్టారని అర్థం. పాత కారు అమ్మేవాళ్లు చూపించే ఫోటోల్లో ఈ చోట్లు ఎప్పుడూ కనిపించవు, అడిగి తీయించుకోండి.

సబ్‌ఫ్రేమ్ కనెక్టర్లు బోల్టువి మంచివా, వెల్డింగువి మంచివా?

యూనిబాడీ కారుకు ఒకే ఒక్క పని చేయించాలంటే నేను చెప్పేది ఇదే: ముందు పట్టాను వెనక పట్టాతో కలిపే కనెక్టర్లు, అవీ వెల్డింగువి. బోల్టు రంధ్రంలో వెంట్రుకవాసి ఖాళీ ఉన్నా, బాడీ ఆ ఖాళీ మేరకు కదిలాకే గొట్టం పనిలోకి దిగుతుంది. కొన్నాళ్లకు రంధ్రం సాగుతుంది, బోల్టు వదులవుతుంది.

బోల్టువాటికి ఉన్న ఒకే గొప్ప సుగుణం, తీసేయొచ్చు. అరుదైన కారు అయినా, అమ్మే ఆలోచన ఉన్నా అది చిన్న విషయం కాదు. కొందరు ముందు బోల్టులతో బిగించి కొన్నాళ్లు నడిపి, నచ్చాక వెల్డు చేయిస్తారు. తెలివైన పద్ధతే.

మూడో రకం ఫ్లోర్‌ను కోసి, గొట్టాన్ని అందులో ముంచి, పొడవునా ఫ్లోర్‌కు వెల్డు చేసేది. బలంలో దీనికి సాటి లేదు, కింద ఏదీ వేలాడదు. కానీ వెనక్కి వెళ్లే దారి ఉండదు. సీట్లు, కార్పెట్ అన్నీ ఎలాగూ తీసిన కారుకైతే ఇది సరే, నడుస్తున్న కారుకు ఎక్కువే. బరువు రకాన్ని బట్టి కాస్త పెరుగుతుంది. అది నేలకు దగ్గర్లో ఉండే బరువు, దాని గురించి దిగులు అక్కర్లేదు.

షెవెల్, జీటీఓ లాంటి ఫ్రేమ్ కార్ల సంగతేంటి?

ముందు బాడీ మౌంట్ బుష్‌లు మార్చండి. బాడీకీ ఫ్రేమ్‌కూ మధ్య ఉండే ఆ రబ్బర్లు ఇన్నేళ్లలో బిస్కెట్‌లా పొడి అయిపోయి ఉంటాయి. అవి మారిస్తేనే చాలా కార్లు కుదుటపడతాయి. ఆ తర్వాత వెనక కంట్రోల్ ఆర్మ్‌ల (చక్రాల వైపును ఫ్రేమ్‌కు కలిపే చేతుల) పై మౌంటునూ కింది మౌంటునూ కలిపే బద్దలు. ఫ్యాక్టరీయే కొన్ని పెర్ఫార్మెన్స్ కార్లకు ఇచ్చినవి అవి, బోల్టులతో బిగిసిపోతాయి.

దాని తర్వాత వచ్చేది ఫ్రేమ్‌ను మూయడం. మామూలు కూపేల (రెండు తలుపులు, గట్టి రూఫ్ ఉన్న కార్ల) పక్క పట్టాలు ఒకవైపు తెరిచి ఉంటాయి. కన్వర్టబుల్‌లకు (రూఫ్ మడిచే కార్లకు) ఫ్యాక్టరీలోనే మూసి పెట్టెలా చేసి ఇచ్చారు. ఎందుకో ఒక చిన్న లెక్కలో చూడండి. 50 మిల్లీమీటర్ల వైపులు, 2 మిల్లీమీటర్ల మందం ఉన్న పట్టా తీసుకుందాం. మూడు వైపులే ఉంటే మెలికను ఆపే దాని గుణకం దాదాపు 400. నాలుగో వైపు మూస్తే 2,50,000. ఆరు వందల రెట్లకు పైనే! అదే పట్టా నిలువుగా వంగకుండా ఆపే బలం మాత్రం ఏడో వంతే పెరుగుతుంది. మూయడం మెలికకు మందు, వంపుకు కాదు.

కారు మొత్తం 600 రెట్లు గట్టిపడుతుందని మాత్రం అనుకోకండి. అది ఒక్క పట్టా లెక్క. కారులో అడ్డ దూలాలు, జాయింట్లు, బాడీ అన్నీ తలా కాస్త వంగుతాయి. ఒకదాన్ని బిగిస్తే మిగతావాటి బలహీనత బయటపడుతుంది. ఫ్రేమ్ మూయాలంటే బాడీని పైకి ఎత్తాలి కూడా. పూర్తి రీస్టోరేషన్ చేస్తుంటే తప్ప దీనికోసమే బాడీ ఎత్తమని నేను ఎవరికీ చెప్పను.

కమారోకు కనెక్టర్లు వేసి పాత రబ్బరు మౌంట్లు అలాగే ఉంచొచ్చా?

వద్దు. రబ్బరు సబ్‌ఫ్రేమ్‌ను కదలనిస్తుంది, కనెక్టర్ కదలనివ్వదు. రెండూ పోట్లాడుకుంటే దెబ్బ తినేది కనెక్టర్ అతికిన చోటు. కనెక్టర్లు వేసేటప్పుడే అల్యూమినియం లేదా పాలీయురెథేన్ మౌంట్లు వేయండి. అల్యూమినియం వేస్తే ఇంజను అదురు కాస్త లోపలికి వస్తుంది, రోజూ తిరిగే కారుకు అది గుర్తుంచుకోండి.

మౌంట్లు మార్చేటప్పుడు సబ్‌ఫ్రేమ్‌లో, బాడీలో ఉన్న అమరిక రంధ్రాలను కడ్డీతో కలిపి, రెండూ ఒకే వరసలోకి వచ్చాకే బోల్టులు బిగించాలి. వంకరగా ఉండగా కనెక్టర్ వెల్డు చేస్తే ఆ వంకర జీవితాంతం ఉండిపోతుంది.

మస్టాంగ్ ముందు భాగానికి అడ్డబద్దలు వేయాలా?

వేయాలి, సందేహం లేదు. పాత మస్టాంగ్‌లో ముందు కాయిల్ స్ప్రింగ్ పై కంట్రోల్ ఆర్మ్ మీద నిలబడి షాక్ టవర్‌ను (స్ప్రింగు పై చివరను పట్టుకునే రేకు గూడును) తంతుంది. టవర్లు ఏళ్ల తరబడి లోపలికి వాలతాయి, ఆర్మ్ బిగించిన చోట పగుళ్లు వస్తాయి. ఫోర్డ్ విదేశాలకు పంపిన కార్లకు టవర్లను కౌల్‌తో కలిపే ఒకే ముక్క ఎక్స్‌పోర్ట్ బ్రేస్ ఇచ్చింది. 1965 షెల్బీ జీటీ350లో దానితోపాటు రెండు టవర్ల మధ్య అడ్డంగా మాంటెకార్లో బార్ కూడా ఉంది. రెండూ బోల్టులతో బిగిసేవే, చవక, ఎప్పుడైనా తీసేయొచ్చు.

బార్ సులువుగా రంధ్రాల్లోకి వెళ్లకపోతే మీ టవర్లు ఇప్పటికే వాలాయన్నమాట. బలవంతంగా దూర్చకండి. ముందు పగుళ్లు వెతికి, టవర్లను మళ్లీ కొలతకు తెప్పించండి.

కన్వర్టబుల్ అయితే?

మూత తీసిన చెప్పుల డబ్బాను రెండు చేతులతో మెలితిప్పి చూస్తే కన్వర్టబుల్ కష్టం తెలుస్తుంది. కంపెనీలకూ తెలుసు. మస్టాంగ్ కన్వర్టబుల్‌కు మందమైన రాకర్లు, ఫ్లోర్ కింద అదనపు పట్టీలు ఇచ్చారు. కమారో కన్వర్టబుల్‌కైతే అదురును మింగడానికి కారు మూలల్లో స్ప్రింగుల మీద ఆడే బరువైన డబ్బాలు పెట్టారు. అదురును ఆపలేక, మింగే ఏర్పాటు చేశారు.

అందుకే కన్వర్టబుల్‌కు నా సలహా గట్టిగానే ఉంటుంది: నడిపే కారైతే కనెక్టర్లు వేయించండి. కానీ రాకర్లు కోసి మార్చే పని ఉంటే, కోయకముందే రెండు తలుపుల చట్రాల్లో అడ్డంగా ఇనుప బద్దలు వెల్డు చేయించండి. ఆ పని చేయకుండా కోస్తే కారు నడుము కుంగి, తలుపులు మళ్లీ ఎప్పటికీ కలవవు.

గట్టిపరిస్తే కారు కుదుపు ఎక్కువవుతుందా?

చాలామంది భయం ఇదే, నిజం దీనికి తిరగబడి ఉంటుంది. మెత్తటి బాడీ కూడా ఒక స్ప్రింగే, దానికి షాక్ అబ్జార్బర్ లేదు. అందుకే గుంత దాటాక కూడా వణుకుతూ ఉంటుంది. బాడీ గట్టిగా ఉంటే సస్పెన్షన్ తన పని తాను చేస్తుంది, ఇంకాస్త మెత్తటి స్ప్రింగులతోనే సరిపెట్టుకోవచ్చు. కుదుపు పెంచేవి చవక పాలీ బుష్‌లు, అతి గట్టి స్ప్రింగులు. ఆ నింద కనెక్టర్ల మీద పడుతుంది.

దీనివల్ల ప్రమాదంలో రక్షణ పెరుగుతుందా?

ఆ ఉద్దేశంతో మాత్రం చేయించకండి. వెనక సీట్లో పిల్లల్ని కూర్చోబెట్టుకుని తిరిగేవాళ్లు ఈ డబ్బు ముందు వేరే చోట పెట్టాలి. 1967కు ముందు కార్లలో చాలావాటికి బ్రేక్ మాస్టర్ సిలిండర్ ఒకే అర. ఒక్క పైపు పగిలితే నాలుగు చక్రాలకూ బ్రేక్ పోతుంది. రెండు అరల సిలిండర్ వేయించండి. ముందు డిస్క్ బ్రేకులు, మూడు చోట్ల బిగిసే సీట్ బెల్టులు వేయించండి. 1965, 66 మస్టాంగ్‌లలో స్టీరింగ్ కాలమ్ గుద్దితే ముడుచుకునే రకం కాదు, పెట్రోల్ ట్యాంక్ పై భాగమే డిక్కీ అడుగు. ట్యాంకుకూ వెనక సీటుకూ మధ్య ఉక్కు రేకు గోడ కట్టించుకోవడం కనెక్టర్ల కన్నా ముందు చేయాల్సిన పని. దయచేసి దీన్ని తేలిగ్గా తీసుకోకండి.

రోల్ కేజ్ వేస్తే అన్నీ తీరిపోతాయి కదా?

గట్టిదనం వరకు అయితే అవును. కానీ వీధిలో హెల్మెట్ లేకుండా నడిపే కారులో, తలకు జానెడు దూరంలో ఉక్కు గొట్టం ఉండటం ప్రమాదకరం. చిన్న ఢీకే తల దానికి తగులుతుంది. డ్రాగ్ రేసింగ్‌కు వెళ్తే సంగతి వేరు. ఎన్‌హెచ్‌ఆర్‌ఏ (అమెరికా డ్రాగ్ రేసింగ్ సంఘం) నిబంధనల్లో క్వార్టర్ మైలును (సుమారు 400 మీటర్లు) 11.49 సెకన్లలో, అంతకన్నా వేగంగా పరిగెత్తే కారుకు రోల్ బార్ (సీటు వెనక ఉక్కు కమాను), 9.99 లేదా అంతకన్నా వేగమైతే కేజ్ కావాలి. కన్వర్టబుల్‌కు ఈ గీత ఇంకా ముందే, 13.49 దగ్గరే వస్తుంది. వెళ్లే ముందు ఆ ఏడాది నిబంధనల పుస్తకం చూసుకోండి.

కారు విలువ తగ్గుతుందా?

ఏ కారు అన్నదాన్ని బట్టి. అసలు ఇంజను నంబర్లు కలిసే హెమీ కుడా, బాస్ 429, నిజమైన షెల్బీ లాంటివైతే వెల్డింగ్ టార్చ్‌ను దగ్గరికి రానివ్వకండి. ఫ్యాక్టరీ వదిలిన ప్రతి గుర్తుకూ అక్కడ విలువ ఉంది, కోసినది తిరిగి రాదు. ఆరు సిలిండర్ల మామూలు కూపేలో ఎప్పుడో ఎవరో వీ8 దింపిన కారైతే, చక్కగా వేసిన కనెక్టర్లు కొనేవాడికి ధైర్యాన్నే ఇస్తాయి. చక్కగా అన్న మాట ముఖ్యం. పక్షి రెట్టల్లా పడిన వెల్డు పూసలు కారు మొత్తం మీద అనుమానం తెప్పిస్తాయి. పనికి ముందు, మధ్యలో, తర్వాత ఫోటోలు తీసి పెట్టండి.

వెల్డింగ్ రోజున షాపులో ఏం చూసుకోవాలి?

అన్నిటికన్నా ముఖ్యం, కారు తన చక్రాల మీద నిలబడి ఉండాలి. చక్రాలతో సహా ఎక్కే లిఫ్ట్ కావాలి, లేదంటే వెనక యాక్సిల్ కింద, ముందు కంట్రోల్ ఆర్మ్‌ల కింద స్టాండ్లు పెట్టాలి. బాడీని మధ్యలో పట్టుకుని చక్రాలు వేలాడే లిఫ్ట్ మీద వెల్డు చేస్తే, రెండు చివర్లూ కిందికి వంగి ఉన్న ఆ ఆకారమే శాశ్వతమవుతుంది. షాపువాళ్లు ‘ఏం ఫరవాలేదు’ అంటే ఆ షాపు వద్దనుకోండి. మొదటి వెల్డు పడే ముందు తలుపుల సందులు కొలవమనండి, అతికించాక మళ్లీ కొలవమనండి.

బ్యాటరీ తీసేయాలి. ఫ్యూయల్ ఇంజెక్షన్ పెట్టిన కారైతే దాని కంప్యూటర్ కూడా విప్పాలి. బ్రేక్ పైపు, పెట్రోల్ పైపు పట్టాల పక్కనే పోతాయి, వాటిని తప్పించాలి. కార్పెట్, ఇన్సులేషన్ తీయాలి. కింద వెల్డు చేస్తుంటే లోపల ఫ్లోర్ ఎర్రబడటం కింద ఉన్నవాడికి కనిపించదు. అందుకే ఇంకో మనిషి మంటలార్పే సిలిండర్‌తో లోపల కాపలా ఉండాలి. పని ముగిశాక కూడా కాసేపు ఉండాలి. పెయింటు, అండర్‌కోటింగ్ ఉక్కు మెరిసేదాకా గీకాలి. చిన్న చిన్న ముక్కలుగా, ఒకసారి ఎడమ ఒకసారి కుడి మారుస్తూ వెల్డు వేయాలి. అయ్యాక ప్రైమర్, సీలర్ పూసి, గొట్టాల లోపల మైనం కొట్టించాలి. ఈ చివరి పనే చాలామంది వదిలేస్తారు, లోపలి నుంచి తుప్పు మళ్లీ మొదలవుతుంది.

ఖర్చు ఎంత?

కనెక్టర్ల కిట్ సాధారణంగా 150 నుంచి 400 డాలర్ల మధ్య దొరుకుతుంది. కూలి ఊరిని బట్టి మారుతుంది. ఎగ్జాస్ట్ అడ్డొస్తే అది మార్చే ఖర్చు అదనం, దాన్ని ముందే అడగండి. తుప్పు బయటపడితే లెక్క మొత్తం మారిపోతుంది.

ఇలాంటి కారు ఇండియాలో ఉంటే?

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఇలాంటి కారు ఉన్నవాళ్లకు ఇక్కడ ఒక చిక్కు ఉంది. 2021లో సవరించిన కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన సొంత వాహనాలను వింటేజ్‌గా నమోదు చేసుకోవచ్చు. నంబరులో వీఏ అక్షరాలు వస్తాయి, కొత్త నమోదుకు 20,000 రూపాయలు, పదేళ్ల గడువు. అయితే వాహనం అసలు రూపంలో ఉండాలి, పెద్ద మార్పులు జరిగి ఉండకూడదు. ఛాసీకి ఉక్కు గొట్టాలు వెల్డు చేయడం ఈ షరతుకు నేరుగా అడ్డొస్తుంది. ఆ నమోదు కావాలనుకుంటే తుప్పు బాగుచేసి, బుష్‌లు మార్చి, బోల్టుతో బిగిసే వాటి దగ్గర ఆగండి. వింటేజ్ నమోదు కారును ఎలాగూ రోజూ రోడ్డు మీద తిప్పనివ్వరు. ప్రదర్శనలకు, ర్యాలీలకు తీసే కారుకు అంత గట్టిదనం అవసరం పడదు.

పని అయ్యాక వెంటనే ఏం చేయాలి?

నాలుగు చక్రాల అలైన్‌మెంట్ చేయించండి. జాకీ పరీక్ష మళ్లీ చేసి, పాత కాగితం పక్కన పెట్టి చూడండి. బోల్టుతో బిగించినవి ఏవున్నా సుమారు 500 మైళ్లు తిరిగాక టార్క్ రెంచ్‌తో మళ్లీ బిగించండి. వెల్డు చివర్లలో పెయింట్ పగిలిందేమో మొదటి వేసవి అంతా అప్పుడప్పుడూ చూస్తూ ఉండండి. స్వే బార్లు, స్ప్రింగులు మార్చే ఆలోచన ఉంటే కొన్ని వారాలు ఆగండి. గట్టిపడ్డ బాడీ మీద పాత స్ప్రింగులే సరిపోతాయని మీకు అనిపించవచ్చు.